ఫ్రాన్స్ పల్లెల్లో గ్రావెల్ దారులు: మ్యాపులో పచ్చగీత చెప్పేది ఎంత, చెప్పనిది ఎంత

2024 జులై 7న టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు తొమ్మిదో స్టేజి ట్రువా పట్టణం దగ్గర మొదలై, పల్లెలన్నీ చుట్టి మళ్లీ అక్కడే ముగిసింది. ఆ రోజు రైడర్లు తారురోడ్డు వదిలి 14 చోట్ల తెల్లటి కంకర బాటల మీదికి దిగారు. అవన్నీ కలిపితే 32 కిలోమీటర్లు. కంకర బాటల మీద సైకిల్ తొక్కడాన్ని గ్రావెల్ సైక్లింగ్ అంటారు; ఆ మాట వినని ప్రేక్షకులకు కూడా ఆ దుమ్ము, ఆ బాటలు పరిచయమయ్యాయి.

ఇలాంటి బాటల మీద కార్ల గోల లేకుండా కొన్ని రోజులు తిరగాలని అనుకునేవాళ్లు ముందు చేసే పని మ్యాపు తెరిచి పచ్చగా కనిపించే సైకిల్ గీతను పట్టుకోవడం. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆ గీత మీద కొంత దూరం వెళ్లాక కార్లు ఎదురొస్తాయి. ఇంకోచోట కార్లు ఉండవు గానీ నున్నటి తారు ఉంటుంది, కంకర కోసం వచ్చినవాళ్లు నిరాశపడతారు. మరోచోట అందమైన మట్టిబాట ఉన్నట్టుండి గేటు దగ్గర ఆగిపోతుంది.

ఈ గందరగోళం పోవాలంటే ఒకే ప్రశ్నలా కనిపిస్తున్నదాన్ని మూడుగా విడదీయాలి. ఆ దారి మీదికి చట్టం ఎవరిని రానిస్తుంది? నేల ఎలాంటిది? రోజూ అక్కడ నిజంగా తిరిగేది ఎవరు? ఈ మూడింటికీ జవాబులు కలిసి రావాలని లేదు. ఫ్రాన్స్‌లో చాలాసార్లు కలవవు కూడా.

గ్రావెల్ బైక్‌కు ఏ నేల సరిపోతుంది

చూడ్డానికి గ్రావెల్ బైక్ రోడ్ బైక్‌లాగే ఉంటుంది, హ్యాండిల్ కిందికి వంగి ఉంటుంది. తేడా టైర్లలో ఉంది. రోడ్ బైక్ టైరు సాధారణంగా 25 నుంచి 32 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే, గ్రావెల్ టైరు 38 నుంచి 50 దాకా ఉంటుంది. గాలి కాస్త తక్కువ ఒత్తిడితో నింపుతారు కాబట్టి గులకరాళ్ల మీద టైరు ఎగిరిపడకుండా పట్టు దొరుకుతుంది. మౌంటెన్ బైక్‌కు ఉండే పెద్ద సస్పెన్షన్ దీనికి ఉండదు. అందువల్ల పెద్ద బండరాళ్లు, చెట్ల వేర్లు నిండిన ఇరుకు కాలిబాటలు దీనికి కష్టం. గట్టిపడిన మట్టి, సన్న కంకర, మధ్యలో గడ్డి చార ఉండే బండిబాట, పాడైపోయిన పల్లె రోడ్డు, వీటన్నిటి మీదా ఇది హాయిగా సాగుతుంది.

అంటే గ్రావెల్ బైక్ ఉన్నవాళ్లకు కావలసింది సైకిళ్ల కోసం ప్రత్యేకంగా కట్టిన ట్రాక్ మాత్రమే కాదు. వ్యవసాయానికి, అడవికి, కాలువకు, రైలుకు వేసిన దారులన్నీ వాళ్ల లెక్కలోకి వస్తాయి. ఫ్రాన్స్ రోడ్ల మొత్తం పొడవు పది లక్షల కిలోమీటర్లు దాటుతుంది. అందులో దాదాపు ఏడు లక్షల కిలోమీటర్లు కమ్యూన్లు, అంటే మన పంచాయతీల్లాంటి స్థానిక సంస్థలు చూసుకునే చిన్న రోడ్లే. తారు లేని బాటలు వీటికి అదనం. అంత దట్టమైన వల ఉంది కాబట్టే ఆ దేశం గ్రావెల్ రైడర్లను అంతగా ఆకర్షిస్తోంది.

వ్వా వెర్త్, వెలోరూట్: ఒకటి హామీ, రెండోది దిశ

అందరూ కలిపేసే రెండు పేర్లు ఇవి. వ్వా వెర్త్ అనేది చట్టంలో ఉన్న హోదా. 2004లో వచ్చిన ఒక డిక్రీ దీన్ని ఫ్రెంచ్ రోడ్డు నియమాల్లో చేర్చింది. మోటారు లేని వాహనాలకు, పాదచారులకు, గుర్రపు స్వారీ చేసేవాళ్లకు మాత్రమే కేటాయించిన దారి అని దాని నిర్వచనం. మోటారు సాయం 25 కిలోమీటర్ల వేగం దగ్గర ఆగిపోయే ఎలక్ట్రిక్ సైకిల్‌ను చట్టం సైకిల్‌గానే చూస్తుంది కాబట్టి అదీ రావొచ్చు. దారి నిర్వహణ బండి వంటి మినహాయింపులను పక్కన పెడితే, ఇక్కడ కారు రాకూడదన్నది నిజమైన హామీ.

వెలోరూట్ అలా కాదు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి బోర్డులు పెట్టి చూపించే సుదూర సైకిల్ మార్గం అది. అందులో కొంత వ్వా వెర్త్ ఉంటుంది, కొంత పల్లె రోడ్డు ఉంటుంది, పట్టణంలో రోడ్డు పక్కన గీసిన సైకిల్ లేన్ కూడా ఉండొచ్చు. బోర్డు దిశ చెబుతుందే తప్ప కార్లు ఉండవని చెప్పదు. యూరోవెలో పేరుతో దేశాలను దాటే మార్గాలదీ ఇదే పద్ధతి.

బాగా పేరున్న లువార్ ఆ వేలో మార్గాన్నే తీసుకోండి. నెవేర్ ప్రాంతం నుంచి అట్లాంటిక్ తీరం దాకా సుమారు 900 కిలోమీటర్లు ఉంటుంది. నది గట్టు మీద కార్లు రాని భాగాలు చాలానే ఉన్నాయి. అయితే గ్రామాల మధ్య కార్లతో పంచుకునే చిన్న రోడ్లూ దాని సొంత భాగాలే. ఆ రోడ్లు ప్రశాంతంగానే ఉంటాయి. ఊళ్ల బయట సైకిల్‌ను దాటే కారు కనీసం ఒకటిన్నర మీటరు దూరం పాటించాలని ఫ్రాన్స్‌లో నియమం ఉంది. అయినా పిల్లలతో వెళ్లేవాళ్లకు ‘తక్కువ ట్రాఫిక్’, ‘అసలు లేని ట్రాఫిక్’ ఒకటి కావు.

రైలు వెళ్లిపోయిన చోట మిగిలిన దారి

కార్లు రావని ఖాయంగా చెప్పగల దారుల్లో ఎక్కువ భాగం పాత రైలు మార్గాలు, కాలువ గట్లు. రైలు ఏటవాలుగా ఎక్కలేదు. అందుకే ఇంజనీర్లు కొండను తొలిచి, లోయ మీద వంతెన కట్టి, వాలును రెండు మూడు శాతం దగ్గర ఆపారు. పట్టాలు తీసేశాక ఆ సౌఖ్యమంతా సైకిల్‌కు దక్కింది. బర్గండీలో జివ్రీ నుంచి క్లూనీ దాకా 44 కిలోమీటర్ల పాత లైనును 1997లో ఇలా మార్చారు. ఫ్రాన్స్‌లో తొలి వ్వా వెర్త్‌గా దానికి పేరు. దాని ఉపరితలం తారు. దక్షిణంగా మాకోన్ వైపు పొడిగింపులో బువా క్లేర్ అనే 1.6 కిలోమీటర్ల సొరంగం ఉంది. గబ్బిలాలు శీతాకాలమంతా అందులో నిద్రపోతాయి కాబట్టి ఆ నెలల్లో సొరంగం మూసేస్తారు, సైకిళ్లు కొండ మీదుగా ఎక్కి దిగాలి. చట్టం, నేల రెండూ అనుకూలంగా ఉన్నా కాలం అడ్డురావడం అంటే ఇదే.

కంకర కావాలనేవాళ్లకు నేను ముందు చెప్పేది దక్షిణాన ఉన్న పాసా పాయిస్. మజామె నుంచి బెదార్యూ దాకా సుమారు 80 కిలోమీటర్లు ‘ఓ లాంగ్‌దొక్’ అనే కొండల మధ్య పాత రైలు మార్గం మీద సాగుతుంది. చాలాభాగం గట్టిగా దిమ్మిస చేసిన సన్న కంకర. లాబస్తీద్ రువేరూ దాటాక వచ్చే ఫెనీ సొరంగం 700 మీటర్లకు పైగా ఉంటుంది. సొరంగం ఉన్న ఆ కొండ జలవిభాజకం కూడా. పడమటి వైపు పడిన వాన అట్లాంటిక్‌కు, తూర్పు వైపు పడినది మధ్యధరా సముద్రానికి పోతుంది. ఒక్క సొరంగం దాటగానే బీచ్ అనే చెట్ల అడవుల చల్లదనం తగ్గి, చెస్ట్‌నట్ తోపులు, ఆ తర్వాత ద్రాక్షతోటలు, ఎండ మొదలవుతాయి. ఒలార్గ్ దగ్గర పాత రాతి ఊరు, దాని మీద గంట గోపురం దూరం నుంచే కనిపిస్తాయి. ఇంత మార్పును ఇంత తక్కువ శ్రమతో చూపించే దారులు ఎక్కువ లేవు.

ఈ మార్పిడిని అందరూ ఒప్పుకోరు. పట్టాలు తీసేస్తే పల్లెకు రైలు తిరిగి వచ్చే అవకాశం పోతుందని ప్రజారవాణా కోసం పనిచేసే సంఘాలు వాదిస్తాయి. పెట్రోలు ధరలు, వాతావరణ మార్పుల రోజుల్లో ఆ వాదనకు బలముంది. స్థానిక సంస్థల మాట వేరు: దశాబ్దాలుగా రైలు రాని లైను తుప్పలతో మూసుకుపోయి, వంతెనలు శిథిలమవుతాయి. సైకిల్ దారిగా మారిస్తే కనీసం ఆ నేల ముక్కలుగా అమ్ముడుపోకుండా ఒకే చేతిలో ఉంటుంది, రేపు రైలు కావాలన్నా దారి మిగిలి ఉంటుంది. అయితే ప్రజలు అలవాటుపడ్డ దారిని మళ్లీ రైలుకు ఇవ్వడం రాజకీయంగా సులువు కాదు. కాబట్టి రెండో వాదన కాగితం మీద ఉన్నంత గట్టిగా ఆచరణలో నిలుస్తుందని నేను అనుకోను.

కాలువ గట్లు: పేరు ఒకటే, నేలలు ఎన్నో

కాలువ పక్కన బాట సైకిళ్ల కోసం పుట్టలేదు. ఇంజన్లు రాకముందు గుర్రాలు, మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవాళ్లు, బాట అందుకే. ఇప్పటికీ అది కాలువను చూసుకునే సంస్థ పనిదారి. స్థానిక ప్రభుత్వం ఒప్పందం చేసుకున్న చోట అది సైకిల్ మార్గంగా మారుతుంది. ఒప్పందం ఎవరు చేసుకున్నారు, ఎంత ఖర్చు పెట్టారు అన్నదాన్ని బట్టి జిల్లా సరిహద్దు దాటగానే నేల మారిపోతుంది.

కెనాల్ దు మిది దీనికి స్పష్టమైన ఉదాహరణ. పియేర్ పోల్ రికె ఆధ్వర్యంలో 1666లో పని మొదలై, ఆయన చనిపోయిన మరుసటి ఏడాది 1681లో కాలువ తెరిచారు. టూలూజ్ నుంచి మధ్యధరా తీరంలోని తో సరస్సు దాకా 240 కిలోమీటర్లు. 1996లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. టూలూజ్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు నున్నటి తారు, స్కేట్స్ మీద కూడా పోవచ్చు. ఓద్ జిల్లాలోకి అడుగుపెట్టాక చాలాచోట్ల మట్టిబాట, గట్టున నీడనిచ్చే ప్లేన్ అనే చెట్ల వేర్లు, కొన్నిచోట్ల ఒక్క సైకిల్ పట్టేంత ఇరుకు. రెండు చోట్లా పేరు ఒకటే, మ్యాపులో గీత రంగు కూడా ఒకటే.

నీడ విషయం కూడా చెప్పాలి. ఆ గట్ల మీద దాదాపు 42 వేల ప్లేన్ చెట్లు ఉండేవి. 2006లో ఇక్కడ ఒక శిలీంధ్ర తెగులు బయటపడింది. దానికి మందు లేదు, సోకిన చెట్టును, దాని పక్క చెట్లను నరికి కాల్చాల్సిందే. అలా వేల చెట్లు పోయాయి. కొత్త జాతుల మొక్కలు నాటుతున్నారు గానీ అవి గొడుగు పట్టేదాకా జులై ఎండలో కొన్ని భాగాలు చాలా కఠినం. పాత ఫొటోల్లోని పచ్చటి పందిరి కాలువ పొడవునా ఉంటుందని అనుకోకూడదు.

బ్రిటనీలో నాంత్–బ్రెస్ట్ కాలువ ఇంకో రకం. ఇంగ్లండ్ నౌకాదళం సముద్రాన్ని దిగ్బంధించినా సరుకు లోపలి దారిలో చేరాలని నెపోలియన్ కాలంలో తలపెట్టిన పని ఇది. పొడవు 360 కిలోమీటర్ల పైన, మొదట్లో లాకులు 238. గట్టు బాట చాలావరకు దిమ్మిస చేసిన ఇసుక కంకర. గ్రావెల్ టైరుకు ఇంతకన్నా అనువైన నేల ఉండదు. 1920ల్లో గెర్లెదాన్ దగ్గర ఆనకట్ట కట్టడం మొదలై 1930కి పూర్తయింది. దాంతో కాలువలో ఒక భాగం, కొన్ని లాకులు నీళ్లలో మునిగిపోయాయి. సైకిల్ మార్గం అక్కడ గట్టు వదిలి చుట్టూ తిరగాలి. బల్లపరుపు దారి అనుకుని వచ్చినవాళ్లకు ఆ చుట్టుదారిలో చడావులు తగులుతాయి.

తారు వేయాలా, కంకర ఉంచాలా

కొత్త వ్వా వెర్త్ ప్రతిపాదన వచ్చినప్పుడల్లా ఊళ్లో నడిచే వాదన ఇది. తారు కావాలనేవాళ్లలో రోజూ పనికి, బడికి సైకిల్ మీద వెళ్లేవాళ్లు, వీల్‌చైర్ వాడేవాళ్లు, చిన్నపిల్లల తల్లిదండ్రులు ఉంటారు. వానాకాలంలో బురదైపోయే దారి వాళ్లకు ఏడాదిలో సగం రోజులు లేనట్టే. తారుకు మొదట్లో ఖర్చు ఎక్కువైనా తర్వాత నిర్వహణ తక్కువ. దిమ్మిస కంకర అలా కాదు, వాన నీరు చాళ్లు కోసిన ప్రతిసారీ మళ్లీ సరిచేయాలి.

కంకర చాలనేవాళ్లు పరుగెత్తేవాళ్లు, నడిచేవాళ్లు, గుర్రపు స్వారీ చేసేవాళ్లు, ప్రకృతి సంరక్షణ సంఘాలవాళ్లు. కంకర నేల నీటిని ఇంకిస్తుంది, ఎండకు తారులా వేడెక్కదు, సైకిళ్ల వేగాన్ని దానంతట అదే తగ్గిస్తుంది. గ్రావెల్ రైడర్ల మనసు సహజంగానే ఇటు మొగ్గుతుంది. కానీ పట్టణాన్ని బడితో, ఆసుపత్రితో కలిపే ముక్క మీద వాళ్ల సరదా కంటే వీల్‌చైర్ అవసరం పెద్దది. ఊరి దగ్గర తారు, దూరం వెళ్లాక కంకర అనే పద్ధతి కొన్నిచోట్ల కనిపిస్తుంది. అది రాజీ అయినా న్యాయమైన రాజీ అని నా అభిప్రాయం.

డొంకదారులు: చట్టంలో తెరిచే ఉన్నా కార్లు రానివి

అసలైన గ్రావెల్ ఉన్నది సైకిల్ బోర్డులు లేని చోట. షమాన్ రురాల్ అనే పొలాల డొంకదారి కమ్యూన్ ఆస్తి, జనం వాడుకోవడానికి ఉద్దేశించినది. 1991 నాటి చట్టం ప్రకారం ప్రకృతి ప్రాంతాల్లో మోటారు వాహనాలు ప్రజా రాకపోకలకు తెరిచిన దారులు తప్పి వెళ్లకూడదు. ఈ డొంకదారి ఆ తెరిచిన దారుల్లోకే వస్తుంది. అంటే మేయరు నిషేధించకపోతే మోటార్‌సైకిల్, జీపు దాని మీద రావడం నేరం కాదు. అయినా సామాన్యమైన మంగళవారం నాడు అక్కడ కనిపించేది ఒక ట్రాక్టరు, లేదా అదీ లేదు. చట్టం కార్లను ఆపే వ్వా వెర్త్ మీద ఆదివారం వందలమంది ఉంటే, ఆపని డొంకదారి ఖాళీగా ఉంటుంది. మొదట్లో మూడు ప్రశ్నలను విడదీసింది అందుకే.

చూడ్డానికి అచ్చం ఇలాగే ఉండే ఇంకో బాట ఉంది, షమాన్ దెక్స్‌ప్లొతాసియోన్. చుట్టూ పొలాలున్న రైతులు తమ రాకపోకలకు పంచుకునే ప్రైవేటు దారి ఇది. వాళ్లు ఊరుకుంటే జనం తిరుగుతారు, వద్దనుకుంటే మూసేయవచ్చు. 2023 ఫిబ్రవరిలో వచ్చిన చట్టంతో ఈ తేడాకు బరువు పెరిగింది. అడవుల్లో జంతువుల కదలికను ఆపే ఎత్తైన కంచెలను అరికట్టడం ఆ చట్టం ముఖ్య ఉద్దేశం. దానికి బదులుగా, ప్రైవేటు స్థలమని స్పష్టంగా గుర్తులు పెట్టిన పల్లె భూమిలోకి, అడవిలోకి అనుమతి లేకుండా వెళ్లడాన్ని జరిమానా పడే తప్పుగా చేసింది. యజమానుల వైపు నుంచి చూస్తే, కంచె తీసేయమన్నప్పుడు ఆస్తికి ఇంకో రక్షణ కావాలి. నడిచేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు మాత్రం తరతరాలుగా వాడుతున్న బాటలు ఒక్క బోర్డుతో మూసుకుపోతాయని భయపడ్డారు. షార్త్రూజ్ కొండల్లోని ప్రకృతి రిజర్వులో ఒక పెద్ద ప్రైవేటు ఎస్టేటు ఇలా బోర్డులు పెట్టాక ఆ గొడవ దేశమంతా వినిపించింది.

దారి మొదట్లో ఉండే గుర్తులు కూడా తికమక పెడతాయి. తెల్లటి గుండ్రం, చుట్టూ ఎర్ర అంచు, లోపల ఏ బొమ్మా లేకపోతే వాహనాలన్నీ నిషేధం, సైకిల్‌తో సహా. అదే గుండ్రంలో కారు, మోటార్‌సైకిల్ బొమ్మలుంటే నిషేధం మోటారు వాహనాలకే. మొదటి బోర్డును చూసి ‘కార్లు రావు, మనకు మంచిదే’ అనుకునేవాళ్లు చాలామంది.

ఈ డొంకదారుల మీద రేసు పెట్టే సంప్రదాయం ఫ్రాన్స్‌లో గ్రావెల్ బైక్ కన్నా పాతది. బ్రిటనీలో రిబినూ అని పిలిచే పొలం బాటల మీద ట్రో బ్రో లియోన్ రేసు 1984లో మొదలైంది. బ్రిటనీ సొంత భాష బ్రెటన్‌లో బోధించే బడులకు డబ్బు కూడబెట్టడం దాని తొలి ఉద్దేశం. పారిస్–టూర్ రేసు 2018 నుంచి ద్రాక్షతోటల బాటల మీదికి వెళ్తోంది.

అడవి బాటలకు వేసవి తాళం, వేట కాలం

నైరుతిలోని లాంద్ పైన్ అడవిలో, మధ్యధరా కొండల్లో మ్యాపు నిండా పొడవాటి తిన్నటి బాటలు కనిపిస్తాయి. వాటిలో చాలావరకు అగ్నిమాపక బండ్లు మంటల దాకా చేరడానికి వేసినవి. సాధారణ మోటారు వాహనాలకు ప్రవేశం లేదు, సైకిళ్లను చాలాచోట్ల చూసీచూడనట్టు వదిలేస్తారు. కానీ మార్సెయ్ చుట్టుపక్కల లాంటి ప్రాంతాల్లో వేసవిలో మంటల ప్రమాదాన్ని బట్టి ఏ అడవి తెరిచి ఉందో, ఏది మూసిందో అధికారులు రోజువారీగా ప్రకటిస్తారు. నిన్న వెళ్లిన బాట ఇవాళ మూసి ఉండొచ్చు. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చాలా జిల్లాల్లో వేట సాగుతుంది. వేట నడుస్తుందని బోర్డు పెట్టిన బాట చట్టప్రకారం తెరిచే ఉన్నా అక్కడి మనుషులు వేరే దారి చూసుకుంటారు. మన దగ్గర నుంచి వెళ్లినవాళ్లకు ఈ సంగతి తెలిసే అవకాశం తక్కువ.

ఒక దారిని మూడు ప్రశ్నలతో చదివితే

టూలూజ్‌లో మొదలై బెదార్యూలో ముగిసే ప్రయాణం ఒకటి ఊహించుకుందాం. కాలువ వెంట నోరూజ్ కనుమ దాకా కార్లు లేవు, నేల తారు. వారాంతంలో ఊరి పొలిమేరల్లో నడిచేవాళ్లు, పిల్లలు, కుక్కలు ఎక్కువ. గ్రావెల్ బైక్ మీద 28 కిలోమీటర్ల వేగంతో గుంపుగా వస్తే అక్కడ ప్రమాదకరమైన వాహనం ఆ సైకిలే.

నోరూజ్ అంటే రికె కాలువకు నీళ్లు అందించిన చోటు. కొండల నుంచి నీటిని తెచ్చిన పిల్లకాలువ ఇంకా పారుతూనే ఉంది. దాని గట్టు వెంట రెవెల్ వైపు 40 కిలోమీటర్లకు దగ్గరగా బాట ఉంది. నేల మట్టి, గడ్డి. మెలికలు ఎక్కువ, మనుషులు తక్కువ. తారు ముగిసి గ్రావెల్ మొదలయ్యేది ఇక్కడే.

రెవెల్ నుంచి మజామె దాకా పచ్చగీత సాయం చేయదు, ఎంచుకోవాలి. కొండ అడుగున పల్లె రోడ్లు పట్టుకుంటే కార్లు ఉంటాయి, ఎక్కుడు తక్కువ. మోంతాన్ నువార్ కొండల మీదుగా అడవి బాటలు పట్టుకుంటే కార్లు దాదాపు ఉండవు గానీ చడావు చాలా ఎక్కువ. పైగా ఏ బాట కమ్యూన్‌ది, ఏది ప్రైవేటుది అని చూసుకోవాలి. ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఐజీఎన్ వేసిన మ్యాపుల్లో బాటల వెడల్పు, తరగతి తెలుస్తాయి. జనమే కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో బాట గట్టిదనాన్ని ఒకటి నుంచి ఐదు గ్రేడ్లుగా రాస్తారు: ఒకటి దాదాపు రోడ్డులాంటిది, ఐదు మెత్తటి మట్టి. గ్రావెల్‌కు రెండు, మూడు హాయి. రైడర్లు ఎక్కువగా తిరిగిన బాటలను వెలిగించి చూపే హీట్‌మ్యాప్ ‘జనం వెళ్తున్నారు’ అని మాత్రమే చెబుతుంది, వెళ్లే హక్కు ఉందని చెప్పదు.

మజామె చేరాక పాసా పాయిస్ మీద బెదార్యూ దాకా ఇక ఆలోచించనక్కర్లేదు: చట్టం కార్లను ఆపింది, నేల కంకర, వారం మధ్యలో మనుషులు పలుచన. మజామెకు టూలూజ్ నుంచి ప్రాంతీయ రైలు ఉంది, బెదార్యూలో కూడా స్టేషన్ ఉంది. కొండ భాగం వద్దనుకున్నవాళ్లు ఆ రైలెక్కి నేరుగా మజామెలో దిగి, చివరి 80 కిలోమీటర్లే తొక్కవచ్చు.